పత్రము మారిన అప్పు తీరునా?

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

   

విద్యావ్యాప్తిని గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. విద్యకు ధనము వలయును. ధనము చాలనిచోట అప్పు ప్రవేశించును. అప్పు ముదిరిన యింట మొట్టమొదట మానిపింపబడునది బాలిక చదువు. కావున విద్యకు అడ్డముగా నిలుచు నీ ఋణవిషయమునే నేడు ప్రసంగించుటకు వారి యనుజ్ఞ వేడితిని. సంస్కృతము చదివినవానికి వడ్డిలెక్కలతో పని యేమని మీలో కొందరు నవ్వవచ్చును. మనువు పదునెనిమిది వ్యవహారపదములను చెప్పుచు ఋణాదానమునే మొదట నిలిపెను. ఆయనకు లేని సంకోచము నాకేల?

అప్పు చేయవలదని బోధించుట నా యుద్దేశము గాదు. అప్పు లేక వ్యవసాయము సాగదు, వర్తకము సాగదు. నేను చెప్పదలచినది అప్పు చేసిన పిమ్మట వచ్చు రెండవ ఘట్టమును గూర్చి. పలుచోట్ల చేసిన చిల్లర యప్పులు మోయరాని బరువైనప్పుడు వానినన్నిటిని కలిపి యొక్క పెద్ద యప్పుగా వ్రాసికొనుట నేడు విరివిగా జరుగుచున్నది. దీనినే ఋణసమీకరణమందము. ఇందులకు సంస్థలు గలవు, మధ్యవర్తులు గలరు, దూరవాణిలో దినమునకు నాలుగుమారులు పిలుచువారును గలరు. ఈ సేవకు మనము నిజముగా చెల్లించు వెల యెంత యనునదియే నేటి ప్రశ్న.

మన చిత్తూరు సీమలో సంవత్సరము పొడవునను పారు నది లేదు. వేరుసెనగకు వాన దిక్కు, వరికి చెరువు దిక్కు, చెరువెండిన బోరు దిక్కు. ఒక బోరు ఎండిన రెండవది త్రవ్వించుటకు అప్పు. మదనపల్లె సంతలో టమోటా వెల యొక నెల ఆకాశమునంటి, మరుసటి నెల కోతకూలికైనను చాలకపోవుట మీరెరుగనిది గాదు. తోతాపురి మామిడి విరగగాచిన యేటనే గుజ్జు కర్మాగారముల వాకిట బండ్లు బారులు తీరును, వెల పడిపోవును. ఇట్టి సీమలో గృహస్థుని అప్పు ఒక్కటిగా నుండదు. సొసైటీలో పంటఋణము, బ్యాంకులో బంగారుపై కుదువ, ఊరిలో ప్రామిసరీ నోటు, ఇల్లాలి పేర పొదుపు సంఘపు ఋణము, పట్టణమున నున్న కుమారుని పేర క్రెడిట్ కార్డు, వీనికి తోడు ముందుగా పాడుకొన్న చీటి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క గడువు. నెలలో ఏ దినమునను నెమ్మది లేదు.

అట్టివానియొద్దకు ఒకరు వచ్చి, "మీ యప్పులన్నియు మేము తీర్చెదము, మీరు మాకు ఒక్క కంతు కట్టిన చాలును, అదియు ఇప్పటి కంటె సగమే" యని చెప్పినచో, ఎండలో నడచువానికి చెట్టునీడ దొరకినట్లుండును. ఆ మాట అసత్యమనియు నేననను. కంతు నిజముగా తగ్గును. అయితే అప్పులను కలుపుట వేరు, అప్పు తీర్చుట వేరు. కంతు తగ్గించినప్పుడు కాలము పెరుగును. ఆ పెరిగిన కాలమునకును, పత్రము మారినప్పుడు అసలుగా మారిన పాత వడ్డికిని మనము చెల్లించునదియే యీ సేవకు నిజమైన వెల.

శ్రీనివాసుడు తన కల్యాణమునకై కుబేరునియొద్ద ఋణము గొని, కలియుగాంతమువరకు వడ్డి చెల్లించుచుండునని మన తిరుమల స్థలపురాణము. అందుచేతనే స్వామిని వడ్డికాసులవాడని ముద్దుగా పిలుచుకొందుము. ఈ కథను భక్తులమై విందుము. గృహస్థులమై కూడ ఒకమారు వినవలెను. వడ్డి మాత్రము కట్టుచు అసలును యుగాంతమునకు జరుపుట స్వామికి చెల్లును. ఆయన కాలాతీతుడు, ఆయన హుండి నిత్యము నిండును. మనకు గడువు మన యాయువు. అది చాలనిచో మన బిడ్డల యాయువు.

ఇక శాస్త్రమేమి చెప్పినదో చూతము. వడ్డి యెంత పెరిగినను ఒక్కసారిగా రాబట్టునప్పుడు అసలునకు మించరాదని మనుస్మృతి నియమము. నూరు రూపాయలిచ్చినవాడు అసలును వడ్డియు కలిపి రెండువందలకు మించి కోరరాదు. ఈ రెట్టింపు హద్దునకే తరువాతి న్యాయస్థానములలో దామ్‌దుపట్ అను పేరు కలిగెను. అప్పు తీర్పలేక పత్రము మార్చుకొనగోరువాడు అంతవరకు పెరిగిన వడ్డిని చెల్లించి మార్చుకొనవలెననియు, చెల్లింపలేనిచో ఆ వడ్డి క్రొత్త పత్రములో చేరుననియు ఆ స్మృతియే చెప్పును. చూచితిరా? మన మీనాడు క్రొత్తదనుకొను సమస్య అప్పటికే పుట్టియున్నది.

యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరయను వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు, సుమారు 900 సంవత్సరముల క్రిందట, కల్యాణి చాళుక్యుల కాలమున, ఇంకొక సూక్ష్మమును చూపెను. అప్పు ఒక పురుషునినుండి మరియొక పురుషునికి సంక్రమించినను, ఆ యిరువురి నడుమనే క్రొత్త వ్యవహారముగా మార్చబడినను, రెట్టింపు హద్దు నిలువదు, అప్పు మరల మొదటినుండి పెరుగనారంభించును. అనగా ఋణికునకు శాస్త్రమిచ్చిన కవచము చేయి మారినప్పుడును పత్రము మారినప్పుడును జారిపోవుచున్నది. ఋణసమీకరణమున ఈ రెండును ఒక్క దినముననే జరుగును. చేయియు మారును, పత్రమును మారును.

మన పల్లెలలో దీనికి చిరకాలమునుండి ఒక రూపమున్నది. నోటు తిరగవ్రాయుట. వ్రాసిన మూడేండ్లలోపల దావా వేయనిచో 1963 నాటి కాలపరిమితి శాసనమునుబట్టి నోటు చెల్లదు. కావున మూడవయేడు ముగియకముందే అప్పిచ్చినవాడు వచ్చి, వడ్డిని అసలులో కలిపి క్రొత్త నోటు వ్రాయించుకొనును. లెక్క చూడుడు. లక్ష రూపాయలు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డి. మూడేండ్లకు వడ్డి 72,000. తిరగవ్రాసిన నోటు 1,72,000. మరి మూడేండ్లకు అది 2,95,840 అగును. ఇంకను మూడేండ్లకు 5,08,845 అగును. తొమ్మిదేండ్లలో రెండుమారులు మాత్రమే నోటు మారినది, ఋణికుని చేతికి క్రొత్తగా ఒక్క రూపాయియైనను రాలేదు. నోటు మార్చక తొమ్మిదేండ్లు వడ్డి నడచినచో మొత్తము 3,16,000 మాత్రమే. మిగిలిన 1,92,845 రూపాయలు కాగితము మార్చినందుకు చెల్లించిన మూల్యము.

దీనికి సులభమైన ప్రత్యామ్నాయ మున్నది. కాలపరిమితి దాటకముందే కొంత సొమ్ము చెల్లించి, ఆ చెల్లును నోటు వెనుక వ్రాసి ఋణికుడు సంతకము చేసినచో, ఆ దినమునుండి మరల మూడేండ్ల గడువు వచ్చును. అప్పిచ్చినవాని హక్కు చెడదు, వడ్డి అసలు కాదు. ఇంత చిన్న విషయము తెలియకనే మన యిండ్లలో ఎన్ని నోట్లు తిరగవ్రాయబడుచున్నవో!

ఈ కీడును మన పూర్వుల కాలపు ప్రభుత్వమును గుర్తించినది. మన జిల్లా మద్రాసు రాజధానిలో నుండినప్పుడు, 1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణవిమోచన శాసనమును చేసెను. 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు అప్పులలో, అసలునకు రెట్టింపు ఇదివరకే చెల్లించిన రైతుని అప్పు పూర్తిగా తీరినట్లే భావింపవలెనని అది విధించెను. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. నోటు ఎన్నిమారులు తిరగవ్రాయబడినను, మొదట చేతికిచ్చిన సొమ్మును, తరువాత నిజముగా ఇచ్చిన సొమ్మును మాత్రమే అసలుగా ఎంచవలెనని ఆ శాసనము చెప్పెను. కాగితమును కాదు, చేతికి వచ్చిన రూకలను చూడుమని దాని భావము.

కలుపుట సర్వదా చెడ్డదని నేను చెప్పుటలేదు. 1929లో మద్రాసులో స్థాపింపబడిన కేంద్ర భూమితనఖా బ్యాంకు, రైతుల పాత యప్పులను తీర్చుటకే విశేషముగా దీర్ఘకాల ఋణములిచ్చెను. అదియు సమీకరణమే. అది సహకార పద్ధతిపై నడచినది, వడ్డివ్యాపారి వడ్డికంటె తక్కువ వడ్డికి ఇచ్చినది. వడ్డి నిజముగా తగ్గిన కలయిక ఔషధము. కంతు మాత్రమే తగ్గిన కలయిక మత్తుమందు.

ఇటీవలి కథ మీలో చాలమందికి కన్నులయెదుటిది. సూక్ష్మఋణ సంస్థలు పల్లెపల్లెకు వచ్చి, ఒక సంస్థ వారపు కంతు కట్టుటకు మరియొక సంస్థయొద్ద అప్పు, దానిని తీర్చుటకు మూడవ సంస్థయొద్ద అప్పు చేయు స్థితి ఏర్పడెను. 2010 అక్టోబరులో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సును, 2011లో శాసనమును తెచ్చెను. వడ్డి యను పేర అసలునకు మించి రాబట్టరాదని అందును విధింపబడెను. స్మృతినాటి హద్దే మరల వచ్చెను. కాని 2022లో సుప్రీంకోర్టు, కేరళ గుజరాతు రాష్ట్రముల వడ్డివ్యాపార శాసనముల వ్యాజ్యమున, రిజర్వుబ్యాంకులో నమోదైన ఆర్థికసంస్థలకు అట్టి శాసనములు వర్తింపవని తీర్పు చెప్పెను. 2023లో తెలంగాణ ఉన్నతన్యాయస్థానము సూక్ష్మఋణ శాసనము విషయమునను అట్లే నిర్ణయించెను. కావున రెట్టింపు హద్దు మనలను కాపాడునను నమ్మకముతో అట్టి సంస్థల పత్రములపై సంతకము చేయరాదు. మన లెక్కయే మనకు కవచము.

ఆ లెక్క యిది. ఒక గృహస్థునకు చిల్లర యప్పులన్నియు కలిసి మూడులక్షలని యనుకొందము. వడ్డి యేటికి నూటికి 24. ఇంకను 24 నెలల కంతులు మిగిలినవి. నెలకు 15,861 రూపాయలు కట్టవలెను. ఆ రెండేండ్లలో అతడు కట్టు వడ్డి మొత్తము 80,671. ఇప్పుడొక సంస్థవారు వచ్చి, "మా వడ్డి 18 మాత్రమే, 60 నెలల గడువు, కంతు 7,618" అందురు. వడ్డి తగ్గినది, కంతు సగమునకు దిగినది. గృహస్థుడు చేతులు జోడించును. ఐదేండ్ల కంతులను కూడి చూచినచో వడ్డి 1,57,082 రూపాయలు! వడ్డిశాతము తగ్గినను వడ్డిసొమ్ము ఇంచుమించు రెట్టింపైనది. దీనికి కారణము మోసము గాదు, కాలము. ఇంతయు పత్రములో స్పష్టముగానే వ్రాయబడియుండును. చదువువారు లేరు.

అదే ఋణమును అదే 18 శాతము వడ్డికి తీసికొని, గడువు మాత్రము పాత 24 నెలలే యుంచుకొన్నచో, కంతు 14,977, వడ్డి 59,453. అనగా 21,218 రూపాయల లాభము. లేదా ఐదేండ్ల గడువే వ్రాసికొని, ముందుగా కట్టుటకు అభ్యంతరము లేనిచో పాత కంతైన 15,861 రూపాయలనే నెలనెల కట్టుచు పోయినచో, 23 నెలలకు అప్పు సమాప్తమగును. కలుపుటవలన మేలో కీడో నిర్ణయించునది సంస్థ గాదు, గడువు.

ఈ లాభమునుండి తీసివేయవలసిన ఖర్చులును గలవు. క్రొత్త ఋణమునకు నూటికి మూడు రూపాయల రుసుమన్నచో మూడులక్షలకు 9,000. దానిపై నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. 1,620. మొత్తము 10,620. పైన చెప్పిన లాభములో సగము ఇందులోనే పోయినది. ఈ సొమ్మును ముందే పట్టుకొని మిగిలినది ఇచ్చినచో చేతికి వచ్చునది 2,89,380 మాత్రమే. పాత యప్పులు పూర్తిగా తీరవు, కొరతకై చేబదులు వెదకవలెను. పాత ఋణమును గడువుకంటె ముందు తీర్చినందుకు రుసుమడుగువారును గలరు. కాలానుసారముగా మారు వడ్డిగల ఋణములను వ్యక్తులు స్వంతావసరమునకు తీసికొన్నచో అట్టి రుసుము వసూలు చేయరాదని రిజర్వుబ్యాంకు 2014లో ఆజ్ఞాపించెను. స్థిరవడ్డి ఋణములకు ఆ రక్షణ ఉన్నదో లేదో పత్రములో చూచుకొనవలెను.

వడ్డి చెప్పు రీతిలోను మెలకువ వలయును. లక్ష రూపాయలకు "ఏటికి 12 మాత్రమే" యని చెప్పి, తీరిన యసలును తగ్గింపక రెండేండ్లును మొత్తము లక్షమీదనే వడ్డి కట్టినచో, కంతు 5,167 రూపాయలగును. తగ్గుచున్న యసలుపై లెక్కించినచో అది నిజముగా 21 శాతమునకు పైబడిన వడ్డి. ఈ కపటమును తొలగించుటకే రిజర్వుబ్యాంకు 2024లో నియమము చేసి, అక్టోబరు 1 నుండి వ్యక్తులకిచ్చు క్రొత్త ఋణములకు 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' అను వివరపత్రము నియ్యవలెనని విధించెను. అందు వడ్డియు రుసుములును కలిపి లెక్కించిన ఏ.పి.ఆర్. అను వార్షిక శాతము ఉండును. రెండు ఋణములను పోల్చుటకు ఆ యంకెయే కొలబద్ద. ఆ పత్రమును అడిగి తీసికొనుడు. ఇయ్యనివారియొద్ద సంతకము చేయకుడు.

రూపాయలలో కనబడని వెలయు గలదు. నోటు అప్పునకును కార్డు అప్పునకును ఇల్లు కుదువ లేదు. వానిని కలిపి ఇంటిపై ఋణము తీసికొన్ననాడు, వడ్డి తగ్గుటకు బదులుగా ఇల్లు పూచీగా నిలుచును. 2002 నాటి సర్ఫేసీ శాసనమునుబట్టి, కంతులు తప్పి ఖాతా నిరర్థకమైనచో, అరువది దినముల నోటీసు పిమ్మట న్యాయస్థానములో దావా లేకయే బ్యాంకు ఇంటిని స్వాధీనపరచుకొనవచ్చును. వ్యవసాయభూమికి అందు మినహాయింపు గలదు. ఇంటికి లేదు. అట్లే ఇల్లాలి నగలు. భర్త స్త్రీధనమును తీసికొని తిరిగి ఇయ్యనక్కరలేని సందర్భములను యాజ్ఞవల్క్యుడు లెక్కించి చెప్పెను. కరవు, ధర్మకార్యము, వ్యాధి, నిర్బంధము. కంతు తగ్గించుకొనుట ఆ లెక్కలో లేదు.

మరియొక తరగతివారు, "కంతులు కట్టుట మానివేయుడు, మేము బేరమాడి సగమునకు తీర్పించెదము, మాకు రుసుమిండు" అందురు. అట్లు తీరిన ఋణము 'సెటిల్డ్' అను గుర్తుతో ఋణచరిత్రలో మిగిలిపోవును. పూర్తిగా తీర్చినవానికిని అట్టివానికిని భేదము ఆ గుర్తు. రేపు కుమారుని చదువునకు ఋణమడుగునప్పుడు అది యడ్డుపడును. బేరమాడవలసియున్నచో మనమే బ్యాంకునకు వెళ్లి మేనేజరుతో మాటలాడవచ్చును. సలహా వలసినచో బ్యాంకులు నడపు ఆర్థిక అక్షరాస్యతా కేంద్రములు గలవు. వానికి రుసుము లేదు.

కావున సంతకమునకు ముందు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. మిగిలిన పాత కంతులన్నియు కూడిన ఎంత? రుసుములతో సహా క్రొత్త కంతులన్నియు కూడిన ఎంత? క్రొత్తగా ఏ వస్తువు కుదువలోనికి పోవుచున్నది? ఖాళీయైన కార్డును, విడిపించిన నగను మరల వాడకుండ ఉండగలనా? మొదటి రెండింటిలో రెండవది చిన్నదై, మూడవదానికి ఏమియు లేదని చెప్పగలిగి, నాల్గవదానికి ఔనని ధైర్యముగా అనగలిగినచో కలుపుకొనుడు. లేనిచో పెద్దవడ్డి అప్పును ముందు పట్టి, మిగిలినవానికి కనీసపు కంతులు కట్టుచు, ఒక్కొక్కటిగా తీర్చుటయే క్షేమము. అది ఆలస్యముగా తోచును, కాని ప్రతి యప్పు తీరిన దినమున ఒక కాగితము చింపివేయవచ్చును.

చివరకు రెండు మనవులు. మొదటిది ఋణికులగు సోదరులకు. అప్పును ఇంటివారికి చెప్పుడు. సిగ్గుచే దాచిన యప్పే బయటివాని మాటకు లొంగును. మన సంఘములో లెక్క తెలిసిన యువకులు ఎందరో యున్నారు. బ్యాంకు ఉద్యోగులును గలరు. నెలకొక ఆదివారము మన వసతిగృహపు వసారాలో ఇద్దరు కూర్చుండి, ఎవరు ఏ పత్రము తెచ్చినను చదివి, లెక్క కట్టి, రహస్యము కాపాడుదురేని, ఆ పని పదిమంది విద్యార్థులకు వేతనమిచ్చుటతో సమానము. మొదటి ఆదివారము నేను కూర్చుండుటకు సిద్ధముగా నున్నాను.

రెండవది పోషకులగు పెద్దలకు. మీలో అప్పిచ్చువారు గలరు. అది తప్పు గాదు, కుసీదవృత్తిని శాస్త్రము ఒప్పినది. కాని మనవాని నోటు మూడేండ్లకు మీ చేతికి వచ్చినప్పుడు, దానిని తిరగవ్రాయింపక, అతడు తెచ్చిన అయిదువేలో పదివేలో పుచ్చుకొని, నోటు వెనుక చెల్లు వేయుడు. మీ హక్కు ఒక్క దినమైనను తగ్గదు. అతని అసలు ఒక్క రూపాయియైనను పెరుగదు. ఈ సభలో ఎన్ని తీర్మానములు చేసినను, ఈ యొక్క యాచారమును మీలో పదిమంది పాటించినచో, వచ్చు వార్షికోత్సవమునాటికి మన బాలికలలో కొందరు బడి మానక నిలుతురు. నా కోరిక యంతియే.